రాత్రికి ఆఫీస్ కంప్యూటర్ ఆపాలా, అలాగే వదిలేయాలా? అసలు మీరు ఆపింది ఆగుతోందా?

ఒకసారి ఒక పెద్దాయన సిస్టమ్ బాగా స్లో అయిపోయిందని కంప్లైంట్ పెడితే చూడ్డానికి వెళ్లా. రోజూ ఆఫ్ చేస్తున్నారా సర్ అని అడిగా, మా సపోర్ట్ వాళ్లకి అది ఊతపదం లెండి. ఆయనకి కాస్త కోపమొచ్చింది. "రోజూ సాయంత్రం షట్‌డౌన్ కొట్టి, స్క్రీన్ నల్లబడేదాకా నిలబడి చూసి మరీ వెళ్తానయ్యా" అన్నారు. నేనేం మాట్లాడకుండా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్‌టైమ్ అని, అంటే పూర్తిగా ఆగకుండా ఎంతకాలంగా నడుస్తోందో చెప్పే లెక్క ఉంటుంది కదా, అది చూపించా. 23 రోజుల చిల్లర ఉంది. ఆయన నా వైపు చూశారు, మెషిన్ వైపు చూశారు, నేనేదో గారడీ చేశాననుకున్నారు పాపం. ఆయన అబద్ధమాడలేదు, మెషినూ అబద్ధమాడలేదు. ఇదెలా అన్నది కాసేపాగి చెప్తా, ఎందుకంటే ఈ మొత్తం గొడవలో కీలకం అదే.

గొడవ ఏంటో అందరికీ తెలిసిందే. సాయంత్రం వెళ్లేటప్పుడు కంప్యూటర్ ఆపాలా వద్దా. ఎవర్ని అడిగితే వాళ్ల జవాబు వాళ్లది. కంప్యూటర్లు చూసుకునే అడ్మిన్ అయితే రాత్రి అప్‌డేట్‌లు పంపాలి ఆన్‌లోనే ఉంచండి అంటాడు, కరెంట్ బిల్లు కట్టేవాళ్లు ఆపెయ్యండి అంటారు, సెక్యూరిటీ చూసేవాళ్లు కూడా ఆపెయ్యమనే అంటారు కానీ వాళ్ల కారణం వేరు, ఇక సీనియర్ ఒకాయన ఉంటాడు ప్రతి ఆఫీసులో, మాటిమాటికీ ఆపి ఆన్ చేస్తే మెషిన్ పాడైపోతుందమ్మా అని. వీళ్లలో పూర్తిగా తప్పు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, కాకపోతే ఒక్కొక్కరూ ఒక్కో కాలం నాటి కంప్యూటర్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే.

ముందు సీనియర్ మాట తీసుకుందాం, ఎందుకంటే ఆయన్ని చూసి నవ్వేస్తాం గానీ ఒకప్పుడు అది నిజంగా నిజం. పాత హార్డ్ డిస్కుల్లో డేటా చదివే హెడ్, పళ్లెం తిరుగుతున్నంతసేపూ సన్నటి గాలి పొర మీద తేలుతుంది. మెషిన్ ఆపితే పళ్లెం ఆగి, హెడ్ దాని మీదే వాలిపోయేది. మళ్లీ ఆన్ చేసినప్పుడు రాసుకుంటూ లేవాలి. ఏళ్ల తరబడి ఆపకుండా నడిచిన డిస్కుని ఒకసారి ఆపారనుకోండి, హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి మోటార్‌కి దాన్ని తిప్పే శక్తి లేక అలాగే చచ్చిపోయిన సందర్భాలు బోలెడు. కరెంట్ పోయి వచ్చాక మెషిన్ లేవకపోతే దాని పక్కన చిన్నగా ఒక దెబ్బ వేసి లేపిన తరం వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి "ఆపితే లేవదు" అన్నది మూఢనమ్మకం కాదు, కళ్లారా చూసిన అనుభవం.

కానీ ఆ రోజుల్లో కూడా మామూలు డిస్కుకి కంపెనీలు ఇచ్చే లెక్క నలభై యాభై వేల స్టార్ట్ స్టాప్‌లు. రోజుకి ఒకసారి ఆపినా 50,000 అంటే 136 ఏళ్లు. తర్వాత వచ్చిన డిస్కుల్లో హెడ్ పళ్లెం మీద వాలకుండా పక్కనున్న చిన్న ర్యాంప్ ఎక్కి కూర్చుంటుంది, వాటి లెక్క లక్షల్లోకి వెళ్లింది. ఇప్పుడేమో పళ్లెం బదులు చిప్పుల్లో డేటా దాచే ఎస్ఎస్‌డీల్లో తిరిగేదే లేదు, వాలేదే లేదు. వేడెక్కి చల్లబడటం వల్ల సోల్డర్ జాయింట్లు బలహీనపడతాయి అన్న మాట కూడా ఉంది, అది భౌతికశాస్త్రం ప్రకారం కరెక్టే, కానీ రోజుకొక్కసారి ఆపడం వల్ల మామూలు ఆఫీస్ మెషిన్ జీవితకాలంలో తేడా తెలిసేంత ఉండదు. మీ లాప్‌టాప్ రోజుకి ఎన్నిసార్లు వేడెక్కి చల్లారుతుందో ఎవరూ లెక్కపెట్టట్లేదు కదా.

పైగా ఆన్‌లో ఉంచినా అరుగుదల ఆగదు, దాన్ని మనం లెక్కలోకి తీసుకోం అంతే. పవర్ సప్లైలో, మదర్‌బోర్డ్ మీద ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకి ఒక లెక్కుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. రాత్రి అందరూ వెళ్లాక ఏసీ ఆపేస్తారు, తలుపులు మూసేస్తారు, ఆ ఉక్కపోతలో మెషిన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, ఫ్యాను దుమ్ము పీలుస్తూనే ఉంటుంది. రెండేళ్లు ఆపకుండా నడిచిన క్యాబినెట్ మూత ఎప్పుడైనా తీసి చూడండి, హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుని ఉంటుంది, వేలితో పట్టి లాగితే ముక్కగా ఊడొస్తుంది. కాబట్టి అరుగుదల పేరు చెప్పి ఎవరైనా ఆన్‌లో ఉంచమంటే ఆ వాదన ఇప్పుడు నిలబడదు, ఇంకా చెప్పాలంటే తిరగబడింది.

కరెంట్ సంగతి. వారానికి 168 గంటలు. పొద్దున్న 9 నుంచి సాయంత్రం 6 దాకా, ఐదు రోజులు, అంటే మనం కుర్చీలో ఉండేది 45 గంటలు. మిగతా 123 గంటలు ఆ మెషిన్ ఖాళీ. అంటే ఎప్పుడూ ఆపని కంప్యూటర్ తన జీవితంలో దాదాపు మూడొంతులు ఎవరూ లేని గదిలో గడుపుతుంది! మామూలు డెస్క్‌టాప్ ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు ఓ 50 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం, కొత్తవి 30కి కూడా దిగుతాయి, పాతవీ గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నవీ 100 దాటతాయి. 50 వాట్ల చొప్పున 123 గంటలకి ఆరు యూనిట్ల పైన. ఒక్క మెషిన్‌కి ఇదేమంత పెద్ద విషయం కాదు, నిజం. వంద మెషిన్ల ఆఫీసుకి వారానికి 615 యూనిట్లు, ఏడాదికి దగ్గర దగ్గర 32 వేల యూనిట్లు. ఆ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది కాబట్టి పొద్దున్నే వచ్చి ఏసీ వేస్తే అది ముందు ఆ వేడిని బయటికి తోలాలి, ఆ ఖర్చు వేరే.

ఇక్కడ ఒక మాట తరచూ వినిపిస్తుంది, ఆన్ చేసేటప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంట్ లాగుతుంది, దానికంటే నడవనివ్వడమే నయం అని. లెక్క వేద్దాం. బూట్ అయ్యేటప్పుడు 100 వాట్లు, రెండు నిమిషాలు, చాలా ఉదారంగా లెక్కేశా. అంత కరెంట్‌తో అదే మెషిన్ ఖాళీగా నాలుగు నిమిషాలు నడుస్తుంది. అంతే. మీరు నాలుగు నిమిషాల్లోపు తిరిగొచ్చేస్తానంటే ఆపకండి.

స్క్రీన్‌సేవర్ గురించి ఒక్క ముక్క. అది కరెంట్ ఆదా చేస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో ఒకే బొమ్మ గంటలకొద్దీ ఉంటే ఫాస్ఫర్ అరిగి మచ్చ పడేది, ఆ మచ్చ పడకుండా బొమ్మని కదిలించడానికి పుట్టింది స్క్రీన్‌సేవర్, కరెంట్‌కీ దానికీ సంబంధం లేదు. ఎల్‌సీడీ మీద రంగురంగుల పైపులు తిరుగుతుంటే మానిటర్ ఫుల్లుగా వెలుగుతూనే ఉంది అని అర్థం. మానిటర్‌ని పది నిమిషాలకి ఆగిపోయేలా పెట్టేయండి, దీని మీద ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆన్, ఆఫ్ అని రెండే ఉన్నట్టు మనం కొట్టుకుంటున్నాం గానీ మధ్యలో ఇంకా మెట్లున్నాయి, కొత్తగా వచ్చినవి కూడా కావు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో ఏసీపీఐ అని ఒక ప్రమాణం తెచ్చాయి, కంప్యూటర్ నిద్రకి అందులో అంకెలు ఇచ్చారు. ఎస్3 అంటే మామూలు స్లీప్, తెరిచి ఉన్న పనిని గుర్తుపెట్టుకునే ర్యామ్‌కి మాత్రం కరెంట్ ఇస్తూ మిగతావన్నీ ఆపేస్తారు, ఒకటి నుంచి మూడు వాట్లలో అయిపోతుంది. ఎస్4 అంటే హైబర్నేట్, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో రాసేసి పూర్తిగా పడుకోవడం. ఎస్5 అంటే షట్‌డౌన్. ప్లగ్ పెట్టి ఉన్నంతకాలం షట్‌డౌన్‌లో కూడా అర వాటో ఒక వాటో పోతూనే ఉంటుంది. అంటే స్లీప్‌కీ షట్‌డౌన్‌కీ మధ్య తేడా ఎంత, ఒకట్రెండు వాట్లు. పై లెక్కలో వంద మెషిన్లనీ స్లీప్‌లో పెడితే ఏడాదికి 32 వేల యూనిట్లు కాస్తా పదమూడు వందల దగ్గరికి దిగుతాయి, దాన్ని ఇంకా దించడానికి షట్‌డౌన్ కోసం జనంతో యుద్ధం చేయాల్సిన పనేం లేదని నా ఉద్దేశం.

ఎందుకంటే జనం ఎందుకు ఆపరో నాకు తెలుసు, నేనూ ఆపను కాబట్టి. హార్డ్ డిస్క్ అరిగిపోతుందని కాదు, 32 ట్యాబులు తెరిచి ఉంటాయని. సగం రాసిన మెయిల్, మూడు ఎక్సెల్ షీట్లు, అందులో ఒకదానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు, బుక్1 అని అలాగే ఉంది, ఎక్కడ ఆపానో గుర్తుండటానికి కర్సర్ ఆ గడిలోనే వదిలేసి వెళ్తాం. పొద్దున వచ్చి అదంతా మళ్లీ పేర్చుకోవాలంటే చిరాకు. స్లీప్ అయితే మూత ఎత్తగానే ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక్క జాగ్రత్త, రాత్రి కరెంట్ పోతే డెస్క్‌టాప్ స్లీప్‌లో ఉన్నదంతా హరీమంటుంది, హైబ్రిడ్ స్లీప్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ర్యామ్‌తో పాటు డిస్కులో కూడా ఒక కాపీ రాసుకుంటుంది. అయినా వెళ్లేముందు సేవ్ కొట్టండి బాబూ, దానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు.

సరే, 23 రోజుల పెద్దాయన దగ్గరికి వద్దాం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది, చాలా మెషిన్లలో డిఫాల్ట్‌గా ఆన్ చేసే ఉంటుంది. మీరు షట్‌డౌన్ కొడితే మీ ప్రోగ్రాములు మూసేసి, మిమ్మల్ని లాగాఫ్ చేసి, లోపలున్న కెర్నల్‌ని, అంటే విండోస్ గుండెకాయని, పరికరాల్ని నడిపే డ్రైవర్లని మాత్రం ఆపకుండా హైబర్నేట్ చేసేస్తుంది. మర్నాడు వాటిని డిస్కు నుంచి యథాతథంగా ఎత్తి ర్యామ్‌లో పెట్టేస్తుంది, అందుకే అంత త్వరగా లేస్తుంది. అంటే పైన గది ఊడ్చారు గానీ పునాదిలో నిన్నటి చెత్త నిన్నటిదే. ఏదో డ్రైవర్ మెమరీ తింటూ పోతుంటే 23 రోజులుగా తింటూనే ఉంది. విచిత్రం ఏంటంటే రీస్టార్ట్ కొడితే మాత్రం మొత్తం కడిగి మొదట్నుంచి లేస్తుంది. షట్‌డౌన్ కంటే రీస్టార్టే పెద్ద శుభ్రత, వినడానికి తలకిందులుగా ఉంది గానీ అదే నిజం. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది. ఆయన మెషిన్‌కి నేను చేసిన వైద్యం ఒక్క రీస్టార్ట్, ఆయనకి మాత్రం నేను ఇంకేదో చేశానన్న అనుమానం పోలేదు.

అప్పుడప్పుడూ మొదట్నుంచి లేవడం ఎందుకు అవసరమో చెప్పే పాత కథ ఒకటుంది, సరదాగా ఉంటుంది. విండోస్ 95, 98ల్లో ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లు అయిందో లెక్కపెట్టే ఒక కౌంటర్ 32 బిట్లది, అది 49.7 రోజులకి నిండిపోయి మెషిన్ బిగుసుకుపోయేది. ఈ తప్పు చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే విండోస్ 95 అన్ని రోజులు పడిపోకుండా నిలబడితే కదా. నవ్వుకున్నాం గానీ 2015లో బోయింగ్ 787 విమానాల మీద అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇలాంటి ఆదేశమే ఇచ్చింది, 248 రోజులు ఆపకుండా కరెంట్ ఉంటే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోవచ్చు, మధ్యలో ఒకసారి ఆపి ఆన్ చేయండి అని. విమానానికే తప్పనప్పుడు మన అకౌంట్స్ సెక్షన్ పీసీ ఎంత. వారానికొకసారి రీస్టార్ట్ చేస్తే చాలు.

అడ్మిన్ వాదన మిగిలింది, ఇది మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్‌లు, ఇస్తోంది. వాటిని పగలు పంపితే మీటింగ్ మధ్యలో స్క్రీన్ నీలంగా మారి "అప్‌డేట్స్ 12 శాతం" అని కూర్చుంటుంది, అడ్మిన్‌ని తిట్టనివాడు ఉండడు. రాత్రి పంపుదామంటే మెషిన్లు ఆఫ్. అలా వాయిదా పడితే ఏమవుతుందో 2017లో చూశాం, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది, దాడి వచ్చింది మే 12న. రెండు నెలల టైమ్ ఉండి కూడా ప్యాచ్ పడని మెషిన్లు నెట్‌వర్క్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుపోయాయి.

అయితే దీనికి అవతలి వైపు కూడా ఉంది చూడండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఒక తప్పు ఫైల్ వెళ్లింది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 04:09కి వెళ్లింది, 05:27కి వెనక్కి తీసుకున్నారు. గంటా పద్దెనిమిది నిమిషాలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి, చాలావాటిని మనిషి వెళ్లి సేఫ్ మోడ్‌లో పెట్టి ఆ ఫైల్ చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆ గంటంపావులో ఆఫ్‌లో ఉన్న మెషిన్‌కి ఆ ఫైల్ అందనే లేదు. ఎవరో ఒకరు ముందురోజు సాయంత్రం పద్ధతిగా ఆపేసి వెళ్లినందుకు మర్నాడు ఆఫీస్ మొత్తంలో ఆయన మెషిన్ ఒక్కటే పనిచేసిన చోట్లు కచ్చితంగా ఉండే ఉంటాయి. దీన్నిబట్టి ఆపడమే మంచిదని నేననను, అలా అనుకుంటే వనాక్రై కథకి జవాబు లేదు.

ఈ రెంటికీ మధ్య దారి ఒకటి 1990ల నుంచే ఉంది, వేక్ ఆన్ ల్యాన్. పడుకున్న మెషిన్‌లో కూడా నెట్‌వర్క్ కార్డ్ మాత్రం ఒక కన్ను తెరిచి ఉంటుంది. దానికి మ్యాజిక్ ప్యాకెట్ అని ఒకటి పంపాలి, పేరు ఘనంగా ఉంది గానీ లోపల ఉండేది చాలా అమాయకం, ముందు ఆరు బైట్ల ఎఫ్ఎఫ్‌లు, తర్వాత ఆ మెషిన్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డ్‌కి ఉండే సొంత నంబర్, వరసగా 16 సార్లు. మొత్తం 102 బైట్లు. నిద్రపోతున్న మనిషిని పేరు పెట్టి పదహారుసార్లు పిలిచినట్టు. అది వినగానే మెషిన్ లేస్తుంది, అప్‌డేట్ తీసుకుంటుంది, మళ్లీ పడుకుంటుంది. ఇంటి నుంచి ఆఫీస్ డెస్క్‌టాప్‌లోకి రిమోట్‌లో వచ్చేవాళ్లు కూడా దీంతోనే లేపుకోవచ్చు, అందుకోసం రాత్రంతా ఆన్‌లో ఉంచక్కర్లేదు. రెండు మెలికలున్నాయి. ఈ పిలుపు మామూలుగా రౌటర్ దాటదు, కాబట్టి అదే నెట్‌వర్క్ ముక్కలో ఎప్పుడూ మేలుకుని ఉండే మెషిన్ ఒకటి ఉండి అది పిలవాలి. రెండోది మళ్లీ మన ఫాస్ట్ స్టార్టప్పే, విండోస్ 8 తర్వాత షట్‌డౌన్ చేసిన మెషిన్‌ని ఇలా లేపడాన్ని విండోస్ పట్టించుకోదు, స్లీప్‌లో ఉంటే మాత్రం బాగానే లేస్తుంది. అడ్మిన్‌లు "ఆపకండి" అన్నప్పుడు నిజానికి చెప్పాల్సింది "షట్‌డౌన్ చేయకండి, స్లీప్‌లో పెట్టండి" అని. ఆ సగం మాట మింగేస్తారు.

సెక్యూరిటీ వాళ్ల కారణం వేరన్నాను కదా. డిస్కు మొత్తం ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నా, మెషిన్ స్లీప్‌లో ఉందంటే దాన్ని విప్పే తాళంచెవి ర్యామ్‌లోనే ఉందన్నమాట. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ర్యామ్ చిప్పుల మీద చల్లటి స్ప్రే కొట్టి, కరెంట్ తీసేసిన తర్వాత కూడా అందులోంచి తాళంచెవులు రాబట్టి చూపించారు. తాళం వేసిన ఆఫీసులో బల్ల కింద ఉండే డెస్క్‌టాప్‌కి ఇంత భయం అనవసరం, కానీ బ్యాగులో తిరిగే లాప్‌టాప్‌కి, అందులోనూ ముఖ్యమైన డేటా ఉంటే, హైబర్నేటో పూర్తి షట్‌డౌనో మంచిది. లాప్‌టాప్‌లకి ఇంకో తలనొప్పి, కొత్తవాటిలో చాలావరకు ఎస్3 తీసేసి మోడర్న్ స్టాండ్‌బై అని పెట్టారు, ఫోన్‌లాగా పడుకునే మెయిల్స్ తెచ్చుకుంటూ ఉంటుంది. మూత మూసి బ్యాగులో పెడితే లోపల తనంతట తను మేలుకుని, గంట తర్వాత తీస్తే ఇస్త్రీపెట్టెలా కాలుతుంటుంది. ఇలా జరిగిందంటే మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా మార్చేయండి.

స్లీప్ పెట్టినా పడుకోని మెషిన్లు కూడా ఉంటాయి, పొద్దున వచ్చేసరికి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌ని రిక్వెస్ట్స్ ఆప్షన్‌తో ఇస్తే ఎవరు నిద్రపోనివ్వట్లేదో పేరుతో సహా చెప్తుంది, లాస్ట్‌వేక్ ఆప్షన్‌తో ఇస్తే చివరిసారి ఎవరు లేపారో చెప్తుంది. నేను చూసినంతలో దొంగ ఎక్కువసార్లు బ్రౌజర్లో పాజ్ కూడా చేయకుండా మినిమైజ్ చేసిన వీడియో, లేదా మౌస్. బల్ల కదిలితే చాలు మౌస్ లేపేస్తుంది, డివైస్ మేనేజర్లో దానికి లేపే హక్కు తీసేయొచ్చు.

గోడ దగ్గర స్విచ్ కూడా ఆపి వెళ్లే పద్ధతి కొన్ని ఆఫీసుల్లో ఉంటుంది. పిడుగులు పడే రోజుల్లో సరే, పొడవైన సెలవులకి సరే. రోజూ చేస్తే మాత్రం వేక్ ఆన్ ల్యాన్ పోతుంది, పైగా ప్లగ్‌లో కరెంట్ లేనంతసేపూ లోపలి గడియారం మదర్‌బోర్డ్ మీదుండే బిళ్ల బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి అది త్వరగా అయిపోతుంది. అది అయిపోయిన మెషిన్‌ని ఇట్టే గుర్తుపట్టొచ్చు, పొద్దున ఆన్ చేయగానే ఎప్పుడో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తూ, ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పు అంటుంది.

ఇక అస్సలు ఆపకూడనివి కొన్ని ఉంటాయి, సర్వర్లు, బ్యాకప్ డబ్బాలు, సీసీటీవీ రికార్డర్ లాంటివి, ఇవి ఎవరికైనా తెలుసు. తెలియనివే ప్రమాదం. ఎవరి బల్ల కిందో మామూలు పీసీలా కనిపిస్తూ ఆఫీస్ మొత్తానికి షేర్డ్ ఫోల్డర్ ఇస్తున్నదో, ప్రింటర్ నడుపుతున్నదో ఒకటి ఉంటుంది. అందుకని ఒక్కసారే అందరికీ స్లీప్ పాలసీ పెట్టే ముందు ఒక వారం తిరిగి చూసుకోవాలి.

మాకు ఒక మూలన ఇలాంటిదే ఉండేది, ముందు ప్యానెల్ మీద "దయచేసి ఆఫ్ చెయ్యొద్దు" అని చేత్తో రాసి, పైన సెల్లోటేప్ అతికించి. ఎందుకు ఆపకూడదో ఎవరికీ తెలీదు, రాసినాయన ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ధైర్యం చేసి ఒక శుక్రవారం ఆపేశాం. సోమవారం ఎవరూ ఫోన్ చేయలేదు, ఆ వారం చేయలేదు, పై వారం చేయలేదు, ఏమీ లేదులే అనుకున్నాం. నెలాఖరు రాత్రి ఫోన్ వచ్చింది. నెలకోసారి రాత్రి రెండింటికి లేచి జీతాల రిపోర్ట్ తయారుచేసే ఒక షెడ్యూల్డ్ టాస్క్ అందులో ఉంది! ఆ టాస్క్‌ని సర్వర్ మీదకి మార్చి ఈ మెషిన్‌ని కూడా మిగతావాటిలాగే స్లీప్ పాలసీలో కలిపేశాం. స్టిక్కర్ మాత్రం సరిగ్గా ఊడిరాలేదు, గోరుతో గీకితే కుడివైపు సగమే వచ్చింది, ఇప్పటికీ దాని మీద "దయచేసి ఆఫ్ చె" అని ఉంటుంది.